మామిడి తాండ్ర: పండు రుచి ఏడాదంతా

కాచిగూడ నుంచి తార్నాక దాకా ఎండాకాలం బండ్ల నిండా మామిడిపండ్లే. సీజన్ దాటాక కూడా ఆ రుచి కావాలంటే తాండ్ర పెట్టుకోవచ్చు. పండు రసాన్ని బట్ట మీద పరిచి, ఎండబెట్టి, మళ్లీ మళ్లీ పోస్తే తయారయ్యేదాన్ని 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం ‘ఆమ్రావర్తం’ అంటుంది. దాహం, వాంతులు తగ్గిస్తుందని చెబుతుంది. గోదావరి తీరంలోని ఆత్రేయపురం తాండ్రకు పేరున్న ఊరు.

ఇంట్లో చేసేదెలా? రసం వడగట్టి, నెయ్యి రాసిన పళ్లెంలో పలుచగా పోయాలి. ఒక పొర పూర్తిగా ఎండాకే మరో పొర వేయాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఎండిన తాండ్రను గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి.

కార్బైడ్‌తో మగ్గబెట్టిన పండ్ల అమ్మకం చట్టవిరుద్ధం, అలాంటివి వాడొద్దు. ఎండేకొద్దీ నీరు పోయి తీపి చిక్కబడుతుంది. కాబట్టి షుగర్ ఉన్న పెద్దలకు పండు కంటే తాండ్ర విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.