ప్రాథమిక పాఠశాలలలో పరీక్షలు – ఒక చారిత్రక పరిశీలన

మన ప్రాంతపు సంఘ చరిత్రను వ్రాయువారు సాధారణముగా దేవాలయములను, ఆసుపత్రులను ముందు పేర్కొంటారు. 25 డిసెంబరు 1924న ప్రతిష్ఠింపబడిన మెదక్ కెథీడ్రల్‌ను, దానిని కట్టించిన ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారిని తలచుకొనని వ్యాసము ఉండదు. అయితే పల్లెలలో ఉపదేశిగారు చెట్టు క్రింద, గుడిసె అరుగు మీద నడిపిన చిన్న బడులను గూర్చి వ్రాసినవారు తక్కువ. ఆ బడిలోని బిడ్డకు చదువు వచ్చినదో లేదో ఎవరు, ఎట్లు తేల్చాలి? ఈ ప్రశ్న నేటికిని మన సంగారెడ్డి, పటాన్‌చెరు బడులను వదలలేదు. దాని పుట్టుపూర్వోత్తరములను మేము ఇక్కడ క్లుప్తముగా మనవి చేస్తున్నాము.

ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అనే మంత్రిగారు బడుల గ్రాంటును పరీక్షా ఫలితములతో ముడిపెట్టారు. ఇన్స్పెక్టరు వచ్చి ఒక్కొక్క బిడ్డను చదువుట, వ్రాయుట, లెక్కలు అనే మూడింటిలో పరీక్షించేవారు. బిడ్డకు రావలసిన 8 షిల్లింగులలో, తప్పిన ఒక్కొక్క విషయమునకు 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఈ పద్ధతి మద్రాసు రాజధానికి కూడ వచ్చి, ఎయిడెడ్ బడులకు ‘ఫలితముల గ్రాంటు’గా అమలైనది. 1882 నాటి హంటర్ కమిషను ప్రాథమిక విద్యకు దీనినే సిఫారసు చేసినది.

ఫలితము ఏమైనది? పంతులు జీతము బిడ్డ నోటి మీద ఆధారపడినప్పుడు పాఠము కాస్తా వల్లెవేతగా మారినది. ఇంగ్లండులో పిల్లలు పుస్తకమును కంఠస్థము చేసి, చూడకనే ‘చదివి’ చూపించేవారు. స్వయముగా ఇన్స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నల్డ్ ఈ పద్ధతిని గట్టిగా విమర్శించారు. కడకు ఇంగ్లండు దానిని 1890లలో విడిచిపెట్టినది. భారత ప్రభుత్వము కూడ 1904 నాటి విద్యా తీర్మానములో దానిని త్రోసిపుచ్చినది.

మన జిల్లా మద్రాసు క్రింద లేదు, నిజాం ప్రభువుల ఏలుబడిలో ఉండెను. ఇక్కడి చిక్కు మరొకటి. ఇంట తెలుగు మాట్లాడు బిడ్డ పై తరగతులకు వెళ్లగానే ఉర్దూలో చదివి, ఉర్దూలో పరీక్ష వ్రాయవలసి వచ్చేది. తెలివి ఉండి కూడ భాష వద్ద ఆగిపోయినవారు ఎందరో! 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత తెలుగు మాధ్యమము విస్తరించినది. 1970ల ఆరంభము నుండి చిన్న తరగతులలో బిడ్డను ఆపకుండ పైకి పంపే విధానము వచ్చినది. అయినను ఏడవ తరగతి చివర ఉమ్మడి పరీక్ష మాత్రము చాలా కాలము నిలిచినది. పల్లెబడికి పేరైనా, అపకీర్తియైనా ఆ ఒక్క పరీక్షతోనే వచ్చేది.

ఇంతలో మన ప్రాంతపు రూపమే మారిపోయినది. 1960లలో రామచంద్రాపురములో బీ.హెచ్.ఈ.ఎల్., 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ పిమ్మట పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు వెలసినవి. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుండి కూలీలు తమ బిడ్డలతో వచ్చారు. నాడు ఉర్దూ ముందు నిలబడిన తెలుగు బిడ్డ స్థితిలోనే నేడు తెలుగు ముందు ఒడియా బిడ్డ నిలబడుతున్నది.

2005లో ఆంధ్రప్రదేశ్‌లో పాత పద్ధతి కొత్త రూపములో తిరిగి వచ్చినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో ఒక ప్రయోగము చేశారు. పిల్లల సగటు మార్కులు 5 శాతమునకు మించి పెరిగిన తరువాత, పెరిగిన ప్రతి శాతమునకు ఉపాధ్యాయునికి 500 రూపాయల బోనసు. చివరి పరీక్షకు రాని బిడ్డను లెక్కలో నష్టముగా కట్టారు. అందువలన మందమతి అని బిడ్డను ఇంట కూర్చోబెట్టుటకు వీలు లేకపోయినది. రెండేండ్ల తరువాత ఆ బడుల పిల్లలు లెక్కలలోను, భాషలోను తక్కిన బడులవారిని మించినారు. ఆశ్చర్యమేమనగా, ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజులలో అదనపు తరగతులు తీసుకొని, ఇంటిపని ఎక్కువ ఇచ్చారు. కాబట్టి కొలత వలన మేలును కలుగవచ్చును, కీడును కలుగవచ్చును. వెనుకబడిన బిడ్డ లెక్కలో ఉన్నదా, లేదా అన్నదే అసలు సంగతి.

1 ఏప్రిల్ 2010న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రాథమిక విద్య ముగియువరకు బోర్డు పరీక్ష ఉండరాదన్నది. బడి పరీక్షలు ఏడాది పొడుగునా జరిగే మూల్యాంకనముగా మారినవి. బడుల స్థితిని తెలిసికొనుటకు వేరే సర్వేలు వచ్చినవి. 2005 నుండి ‘అసర్’ సర్వేవారు పల్లెలలో ఇంటింటికి వెళ్లి, బిడ్డ చేత రెండవ తరగతి పాఠము చదివించి, భాగహారము చేయించి చూస్తున్నారు. కేంద్రమువారి జాతీయ సాధన సర్వే 12 నవంబరు 2021న జరిగినది. మూడవ తరగతి భాషలోను, గణితములోను తెలంగాణ సగటు జాతీయ సగటు కంటే తక్కువగా వచ్చినది. కరోనా వలన బడులు నెలల తరబడి మూతపడిన తరువాత వ్రాసిన పరీక్ష అది. మరుసటి ఏడు 15 ఆగస్టున రాష్ట్ర ప్రభుత్వము 1 నుండి 5 తరగతులకు ‘తొలిమెట్టు’ ప్రారంభించినది. అదే విద్యా సంవత్సరములో ప్రభుత్వ బడులలో ఆంగ్ల మాధ్యమము కూడ ప్రవేశించి, ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఆంగ్లము గల పుస్తకములు వచ్చినవి.

ఇక్కడ మేము చదువరులను ఒక విషయము ఆలోచించుమని కోరుచున్నాము. జాతీయ సాధన సర్వే ప్రశ్నపత్రము బడి మాధ్యమములో ఉండేది. ఇంట ఒడియా, వాడలో హిందీ, బడిలో తెలుగు లేక ఆంగ్లము వినే పాశమైలారపు బిడ్డ తప్పు జవాబు వ్రాసినప్పుడు, ఆ బిడ్డకు లెక్క రాలేదా, ప్రశ్న అర్థము కాలేదా? మార్కు చూచి చెప్పలేము. ప్రక్కన కూర్చొని, బిడ్డ చేత బిగ్గరగా చదివించి, విన్నవారే చెప్పగలరు.

నాటి ఉపదేశిగారు చేసినది అదే. ఆయన వద్ద అచ్చువేసిన ప్రశ్నపత్రము లేదు. ఏ బిడ్డకు గుణింతము రాలేదో, ఏ బిడ్డ నాట్ల కాలములో బడి మానినదో పేరు పేరునా ఆయనకు తెలుసు. సర్వేలు ప్రభుత్వమునకు అవసరమే; జిల్లా ఎక్కడ వెనుకబడినదో అవి చూపుతవి. అయితే బిడ్డను ముందుకు నడిపించునది పేరు తెలిసిన మనిషి. మన సంఘములలో రిటైరైన ఉపాధ్యాయులు, ఫ్యాక్టరీ ఉద్యోగులు, కాలేజీ యువతీయువకులు ఎందరో ఉన్నారు. వారమునకు రెండు సాయంత్రములు దేవాలయపు హాలు తెరచి, ఏ భాషవారి బిడ్డయైనను, ఏ మతమువారి బిడ్డయైనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివించినచో, పల్లెబడులు స్థాపించిన మన పెద్దల పనిని కొనసాగించినవారము కాగలము.