చెట్టు కింది విందు: ఓరుగల్లు సీమలో కల్లు మండువ

వేసవిలో నలుగురు కూడి నురుగు పానీయం సేవిస్తూ చిన్నచిన్న తినుబండారాలు నంజుకునే ఆచారం స్పెయిన్‌లో కావా అనే ద్రాక్షసారాయితో, తపాస్ అనే చిరువంటకాలతో ముడిపడి ఉండగా, 2016లో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వంటి జిల్లాలుగా విడివడిన పాత వరంగల్, అంటే ఓరుగల్లు, ప్రాంతంలో ఆ స్థానం తాటికల్లుకు, గుడాలకు దక్కింది. రెండు పానీయాల్లోనూ నురుగుకు కారణం పులియడంలో పుట్టే బొగ్గుపులుసు వాయువే అయినా, 1872లో కాటలోనియాకు చెందిన జోసెప్ రవెంతోస్ ద్రాక్షసారాయిని సీసాలోనే రెండవసారి పులియబెట్టి ఆ వాయువును బిరడా కింద బంధించగా, కల్లును బంధించే ఉపాయం మాత్రం ఇక్కడ ఎవరికీ చిక్కలేదు. ఈ సీమలోని విందు ఆచారాన్నీ, దానిపై రాజ్యం వేసిన పన్నునూ తీర్చిదిద్దింది ప్రధానంగా ఈ నిల్వ ఉండని గుణమే.

మోకు, ముస్తాదు అనే తాళ్ల సరంజామాతో గౌడులు చెట్టెక్కి, తాటికైతే గెల కొసను, ఈతకైతే మొవ్వు దగ్గరి మానును పలుచగా గీసి, కారే రసం పట్టడానికి లొట్టి అనే మట్టికుండను కడతారు. లొట్టిలో మిగిలి ఉన్న పాత మడ్డిలోని సూక్ష్మజీవులు తాజా రసాన్ని గంటల్లోనే పులియబెడతాయి కనుక, తెల్లవారుజామున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి ఘాటెక్కి, మరునాటికి పులిసి పనికిరాకుండా పోతుంది. అందువల్ల పానీయం ఇంటికి చేరడం కంటే మనుషులే చెట్టు దగ్గరికి కదలడం మేలైంది. తాటివనంలో కల్లు దించి అమ్మే ఆ నీడపట్టునే మండువ అంటారు. తాటాకు మడిచి చేసిన రేకలో పోయించుకుని, ఉడికించి తాలింపు పెట్టిన శనగల లేదా బొబ్బర్ల గుడాలనో, కాల్చిన ఎండుచేపనో, కారం దట్టించిన బోటినో నంజుకోవడం అక్కడి మర్యాద. తీపి, పులుపు కలిసిన కల్లుకు ఉప్పు, కారం తోడు కావడంలో తపాస్‌కు తీసిపోని రుచివివేకం ఉందని ఒప్పుకోక తప్పదు.

కల్లు గీసే ఈ గౌడుల కులం నుంచే జనగామ ప్రాంతానికి చెందిన సర్వాయి పాపన్న వచ్చాడు. షాపూర్‌లో కోట కట్టి, 1708లో వరంగల్‌పై దాడి చేసి, 1710లో మొగలుల చేతిలో హతుడైన అతణ్ని ఖాఫీ ఖాన్ తన పారశీక చరిత్రలో దోపిడీదారుగా చిత్రించగా, జానపదులు వీరుడిగా గానం చేశారు.

హైదరాబాద్ నిజాములైన ఆసఫ్‌జాహీల కాలంలో అబ్కారీ, అంటే మత్తుపానీయాలపై పన్ను, భూమిశిస్తు తరువాతి పెద్ద ఆదాయ మార్గాల్లో ఒకటైంది. కొట్లలో దాచి కొలవడానికి వీలులేని సరుకు కావడంతో సర్కారు చెట్టుపైనే పన్ను వేసి, అమ్మకపు హక్కును వేలంలో గుత్తేదార్లకు అప్పగించింది. దానితో చెట్టెక్కే గౌడు తన కల్లుకే కూలివాడయ్యాడు. ఇప్పపూలను ఎండబెట్టి, పులియబెట్టి, బట్టీ పట్టే భూపాలపల్లి అడవుల కోయల సంగతి వేరు, ఎందుకంటే ఇప్పసారా నిల్వ ఉంటుంది కనుక దాచవచ్చు, దాచవచ్చు కనుకే ఆ బట్టీలను వెతికి పట్టుకోవడం అబ్కారీ సిబ్బందికి నిత్యకృత్యమైంది.

పన్ను చెట్టుమీద ఉన్నందువల్ల తిరుగుబాటు కూడా చెట్టుమీదికే వెళ్లింది. 1947లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని కోరిన స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు నిజాం ఆదాయాన్ని దెబ్బతీయడానికి ఈత, తాటి చెట్లను నరికారు. ఖజానా కంటే ముందు ఆ గొడ్డలివేటు గీత కార్మికుడి పొయ్యిమీద పడిందన్న సంగతిని ఉద్యమ చరిత్రలు అంతగా పట్టించుకోలేదు. గుత్తేదార్ల స్థానంలో గీత కార్మికుల సహకార సంఘాలు వచ్చిన తరువాత కూడా, పట్టణ దుకాణాల గిరాకీకి చెట్ల కల్లు చాలనిచోట్ల క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కృత్రిమ కల్లు చొరబడింది.

నిల్వ చిక్కును తప్పించే ప్రయత్నంగా తెలంగాణ ప్రభుత్వం 2023లో హుస్సేన్‌సాగర్ తీరాన నీరా కేఫ్‌ను తెరిచింది. నీరా అంటే పులియకముందే శీతలీకరించిన తాటిరసం. దానిని దూరప్రాంతాల నుంచి నగరానికి చేర్చి, చిరుతిళ్లతో పాటు వడ్డించడం సాధ్యమైంది గాని, పులియడాన్నే ఆపివేశారు కనుక ఆ గ్లాసులో నురుగు ఉండదు.