కదలని బొమ్మలతో అంతరిక్షయాత్ర

సినిమా ఫిల్ములో సెకనుకు 24 చిత్రములు గడచును. ఈ లెక్కన ఐదు నిమిషముల కార్టూనుకు 7,200 చిత్రములు కావలెను. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు ఫోటో తీసినను 3,600 బొమ్మలు గీయక తప్పదు. సినిమాహాళ్ళకొరకు తీసిన పూర్వపు అమెరికన్ కార్టూనులు చాలవరకు ఇట్టి శ్రమకు ఓర్చినవే. టెలివిజన్ వచ్చిన పిమ్మట ప్రతివారము క్రొత్త కథ కావలసివచ్చెను. ఇచ్చెడి సొమ్ము మాత్రము స్వల్పము.

టామ్ అండ్ జెర్రీ చిత్రములను సృష్టించిన విలియమ్ హన్నా, జోసెఫ్ బార్బెరాలు పనిచేయుచున్న కార్టూను విభాగము 1957లో మూతపడినది. ఆ డిసెంబరులోనే వారు 'రఫ్ అండ్ రెడ్డీ' అను టెలివిజన్ కార్టూనును ప్రారంభించిరి. దాని మొదటి కథలో ఒక పిల్లి, ఒక కుక్క 'మునిమూల' అను లోహగ్రహమును చేరును. మన చెవికి ఇది ఏదో ఆశ్రమము పేరువలె తోచును గాని, అల్యూమినియమునకు అమెరికన్లు వ్రాసెడి అక్షరములను వెనుకనుండి చదివినచో వచ్చు పేరు ఇది! వారి ఉపాయము సులభమైనది. మొండెమును ఒక సెల్యులాయిడ్ పలకపై ఒక్కసారి గీసి, కదలవలసిన తలను, నోటిని వేరు పలకలపై గీసి దానిమీద ఉంచెడివారు. మెడకు కాలరో, టైయో ఉన్నచో అతుకు కనబడదు. ఆ సంస్థ సృష్టించిన జంతువులలో పెక్కింటికి మెడపట్టీలు ఉండుటకు కారణమిదే.

కేంబ్రియా అను సంస్థ మరొక అడుగు ముందుకు వేసి, నోటిని గీయుట కూడ మానివేసినది. ఎడ్విన్ జిలెట్ కల్పించిన పద్ధతి ననుసరించి, మాటలాడు నటుని పెదవులను మాత్రము ఫిల్ము తీసి, గీసిన ముఖముపై అతికించిరి. 1959 నాటి 'క్లచ్ కార్గో', 1962 నాటి 'స్పేస్ ఏంజెల్' ఇట్టివి. శిలవంటి ముఖమున సజీవమైన పెదవులాడుచుండగా చూచుట కొంత వెగటే. అయినను 'స్పేస్ ఏంజెల్'లో అలెక్స్ టోత్ రూపొందించిన రాకెట్లు, వ్యోమగాములు నేటికిని ముచ్చట గొల్పును.

అంతరిక్షకథలు ఈ పేదపద్ధతికి ఏల అంతగా అతికినవి? గుఱ్ఱము పరుగెత్తవలెనన్న నాలుగు కాళ్ళను మాటిమాటికి గీయవలెను. రాకెట్టు సంగతి వేరు. శూన్యములో గాలి నిరోధము లేదు; ఇంజను ఆపినను నౌక రూపము మారక సాగిపోవును. ఒకే బొమ్మను నక్షత్రములపై మెల్లగా జరిపినచో చాలును. న్యూటను మొదటి సూత్రమునకు అంతకంటె చక్కని బొమ్మ లేదు! ఇక మరమనుష్యులు బిగుసుకొని నడచిన తప్పుపట్టువా రెవరు?

మిగిలిన పని చూచువాని మెదడు చేయును. రెటీనాపై బొమ్మ కొంతసేపు నిలుచుటయే చలనభ్రాంతికి కారణమని పాత పుస్తకములు చెప్పెను. ఆ వివరణ చాలదు; విడివిడి స్థానములనుండి చలనమును కల్పించుకొనునది మెదడే. బాల్యములో ఈ కార్టూనులు చూచినవారు పెద్దయిన పిమ్మట వానిని మరల చూచి, 'ఇంత తక్కువగా కదలినవా!' అని ఆశ్చర్యపడుట సహజము.

జపానులో 1963 జనవరి 1న మొదలైన ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' వారమునకొక అరగంట కథగా సాగినది. అందు ఒక్కొక్క బొమ్మను తరచు మూడేసి ఫ్రేములకు వాడిరి, అనగా సెకనుకు ఎనిమిదే. బాలరోబోటు ఎగురు బొమ్మలను దాచి, ఆకాశము మార్చి మరల మరల ఉపయోగించిరి. ఈ దాపుడును వారు 'బ్యాంకు' అనిరి. కాని ప్రసారసంస్థకు తెజుకా ఒప్పుకొన్న ధర అసలు ఖర్చుకే చాలలేదు. ఆ లోటును బొమ్మల అమ్మకములు, విదేశ ప్రసారములు కొంత పూడ్చినను, రాత్రింబగళ్ళు గీసిన చిత్రకారుల భారము తగ్గలేదు. తరువాతి నిర్మాతలకు ఆ తక్కువ ధరయే ప్రమాణమైనదని నేటికిని విమర్శ కలదు. 1966 డిసెంబరు 31 నాటికి 193 భాగములు ముగిసినవి. ఆయన నెలకొల్పిన ముషీ ప్రొడక్షన్ 1973లో దివాలా తీసెను.