ప్రధాన సంఖ్యలు, కారణాంకాలు: తెలుగునాట చరిత్ర

1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని, 1 కన్న పెద్దదైన సంఖ్య ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11 ఇలాంటివి. అంతకన్న ఎక్కువ కారణాంకాలుంటే సంయుక్త సంఖ్య. 1 ఈ రెంటిలోనూ చేరదు. ప్రధాన సంఖ్యలకు అంతులేదని క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ నిరూపించాడు. తెలుగుదేశానికి ఈ విద్య నిరూపణల దారిన రాలేదు. భిన్నాలు కలపడం, భాగహారం లాంటి రోజువారీ లెక్కల్లోంచి, అంటే కారణాంకాల వైపు నుంచి వచ్చింది.

నేటి ద్వారకా తిరుమల, ఏలూరు, కొల్లేటి పరిసరాలు ఒకనాటి వేంగి రాజ్యానికి నడిబొడ్డు. ఏలూరు పక్కనున్న పెదవేగి దాని పాత రాజధాని. 11వ శతాబ్దిలో, రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలుతూ ఉండగా, నన్నయ భారతం చెబుతున్న రోజుల్లోనే పావులూరి మల్లన ‘సార సంగ్రహ గణితం’ రాశాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తెలుగులో మనకు దక్కిన తొలి గణిత గ్రంథం ఇదే, అదీ పద్యాల్లో. దీనికి మూలం 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన సంస్కృత ‘గణిత సార సంగ్రహం’. మల్లన దాన్ని ఉన్నదున్నట్టు దించలేదు. కొన్ని పద్ధతులు వదిలేశాడు, ఉదాహరణలు పెంచాడు, జైన ప్రస్తావనలున్న చోట శివుణ్ణి నిలిపాడు.

బడిపిల్లలు ఇవాళ క.సా.గు. అంటున్నది మహావీరుడి పుస్తకంలో ‘నిరుద్ధం’. హారాల ఉమ్మడి కారణాంకాలనూ, వాటితో భాగించగా మిగిలిన భాగఫలాలనూ గుణిస్తే నిరుద్ధం వస్తుంది. 1/6, 1/10, 1/15 కలపాలనుకోండి. హారాలను నేరుగా గుణిస్తే 900. విడదీసి చూస్తే 6లో 2, 3; 10లో 2, 5; 15లో 3, 5. కావలసింది 30 మాత్రమే. 5, 3, 2 కలిపితే 10, అంటే 30లో మూడో వంతు. భారత గణితంలో ఈ సూత్రాన్ని ఇంత స్పష్టంగా మొదట చెప్పింది మహావీరుడే.

అంతకన్న అందమైనవి ఆయన కూర్చిన హార (దండ) సంఖ్యలు. అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలివి. 139ని 109తో గుణిస్తే 15151. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్ల దండ, 11111111. ఇక్కడ 73 ప్రధాన సంఖ్య. 152207ను విప్పితే 11, 101, 137 బయటపడతాయి. గుణకారం నేర్పడానికి ఇచ్చిన లెక్కలే అయినా, ముందు దండను ఊహించి దాన్ని విడదీస్తే తప్ప ఇలాంటివి దొరకవు. కారణాంక విభజనలో ఆరితేరిన చెయ్యి అది.

ఆధునిక కాలంలో ఈ పరిశోధనకు వాల్తేరు ఒక నెలవు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామస్వామి 1949లో పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యలు ఎన్ని ఉంటాయో లెక్కగట్టారు. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో, 10 కన్న పెద్ద ప్రధాన కారణాంకం లేనివి 46. హద్దును పెంచుతూ ప్రతిసారీ దాని వర్గమూలాన్ని గీటురాయిగా పెట్టుకుంటే ఈ నిష్పత్తి నూటికి సుమారు 31కి దిగుతుంది. 1930లో గణితజ్ఞుడు డిక్‌మన్ సూచించిన ఈ ఫలితానికి రామస్వామి గట్టి నిరూపణ ఇచ్చారు. పెద్ద సంఖ్యలను కంప్యూటరుతో విడదీసే పద్ధతులు నేడు ఇలాంటి సంఖ్యల మీదే ఆధారపడతాయి. పెద్ద సంఖ్యలను విడదీయడం కష్టమన్న నమ్మకం మీద నిలిచిన 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి బలాన్ని తూచేదీ ఆ పద్ధతులతోనే. తెలుగునాట పుట్టి ఈ శాస్త్రంలో పనిచేసిన మరొకరు కె. చంద్రశేఖరన్. కొల్లేటికి ఆవల బందరులో 1920లో పుట్టిన ఆయన 1968లో విశ్లేషక సంఖ్యాశాస్త్రానికి ప్రవేశిక రాశారు.

గుంటూరు సీమలోని యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వి. సుబ్బారావు తిరుపతిలో పాఠాలు చెప్పి, తర్వాత కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. 1966లో ఎల్.జె. వారెన్‌తో కలిసి ఆయన ఒక కొత్త ప్రశ్న వేశారు. ఒక సంఖ్యను ఉమ్మడి కారణాంకం లేని రెండు ముక్కలుగా చేసే భాజకాలనే తీసుకుంటే, తనను మినహాయించి మిగిలినవాటి మొత్తం ఆ సంఖ్యే అయ్యేవి ఏవి? 60కి అవి 1, 3, 4, 5, 12, 15, 20, కలిపితే 60. ఇంతవరకు తెలిసినవి ఐదే: 6, 60, 90, 87360, మరొకటి 24 అంకెలది. బేసి సంఖ్యల్లో ఒక్కటీ ఉండదని తేలింది. ఇలాంటివి పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు ఊహించారు. ఆరోది ఉందో లేదో ఇంకా తేలలేదు.