మిరప రాకముందు వచ్చిన యవనులు

నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన ఒక స్తంభం ఫొటోని ఏటా మా బడి పిల్లలకు చూపిస్తాను. గడ్డపు మనిషి, నడుం పైన బట్ట లేదు, చేతిలో కొమ్ములాంటి పానపాత్ర. గ్రీకుల, అంటే మన పాతమాటలో యవనుల, ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ పోలికలు ఇతనిలో ఉన్నాయని పండితులు అంటారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, మన పల్నాటి రాతిమీద, అలాంటి రూపాన్ని ఎందుకు చెక్కారు? నాకు తోచే జవాబు పత్తి.

మాది వినుకొండ దగ్గర పత్తి పండించే ఇల్లు. గుంటూరు వ్యాపారం అనగానే మావాళ్లంతా మిర్చి యార్డు దగ్గర మొదలుపెడతారు. కానీ మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెస్తే 16వ శతాబ్దంలో మన దేశానికొచ్చింది. పత్తి బట్ట సంగతి వేరు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఈజిప్టులో గ్రీకు మాట్లాడే వర్తకుడొకడు రాసిన ‘పెరిప్లస్’లో మన కోస్తా పేరు మసాలియా. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని రాశాడు. దాదాపు వందేళ్లకు అలెగ్జాండ్రియా భూగోళ పండితుడు టాలమీ కృష్ణానదిని మైసోలస్ అన్నాడు, కొంటకొస్సిల అనే వర్తక రేవునూ పేర్కొన్నాడు. అది ఏరు దాటితే వచ్చే ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలో కంటకసేల అని ఆ ఊరే ఉంది. ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనమది. అలెగ్జాండ్రియాలో కూర్చున్నవాడూ, మన ఊళ్ల భక్తురాలూ ఒకే రేవుని తలుచుకోవడం నాకు గొప్ప సంతోషం.

గ్రీకు ఓడలు ఎక్కువగా పడమటి తీరంలోనే ఆగేవి. అక్కడికి అవి తెచ్చిన సరుకుల్లో ద్రాక్షసారా ఉందని పెరిప్లసే చెబుతుంది. ఇటువైపు సరుకు చేరడానికి మన పడవలూ, మన బళ్లూ కావాలి. అమరావతి పక్కన ధరణికోటలో 1960ల్లో తవ్వితే పడవలు ఆగే రేవుకట్ట బయటపడింది. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. టైబీరియస్ నుంచి కారకల్లా దాకా చక్రవర్తుల బొమ్మలు వాటిమీద ఉన్నాయి. మా నేలలో పండిన పత్తికి వచ్చిన డబ్బే ఇదని చెప్పలేను, సాక్ష్యం లేదు. కానీ ఆ నాణెం మా ఊళ్ల దారిన నడిచింది.

ఇక తిండి. యవన అతిథి ఇక్కడికొస్తే విస్తట్లో ఏముంటుంది? జొన్నరొట్టె, కందిపప్పు, నువ్వులనూనె, మిరియాల ఘాటు. ఎండుమిర్చి లేదు, గొడ్డుకారం లేదు. మా బడిలో ఆ ఫొటో చూపించే రోజు అదే వండిస్తాం, ద్రాక్షపళ్లు కూడా పెడతాం. మొదటి ముద్దకే పిల్లలు మొహాలు మాడ్చుకుని కారం అడుగుతారు. అప్పుడు మిరప ప్రయాణం చెబితే చెవులొగ్గి వింటారు.

విజయపురి నేడు సాగర్ జలాశయం అడుగున ఉంది. నీళ్లు రాకముందు తరలించి అనుపులో మళ్లీ కట్టిన రంగస్థలం మెట్లమీద కూర్చుని గ్రీకు నాటకశాలలను పోల్చి చూపిస్తాను. ఈ మెట్ల కట్టడంలో ఉన్నది గ్రీకు ప్రభావమేనని కొందరు, కాదని కొందరు. నేను మొదటివాళ్ల పక్షం. అక్కడ టాలమీ పటం ఒకటి, కొంటకొస్సిలని గుర్తుపెట్టి, పెద్ద బోర్డుమీద నిలపాలి. చూడ్డానికొచ్చిన పత్తిరైతుకి తన పంట పాత దారి కనబడాలి.