చెవికి వినరాని ధ్వని – దేహమున దాని మేలు, కీడు

మొగల్తూరు మొదలు పేరుపాలెము సముద్రతీరము వరకు గల పల్లెలలో నేడు గర్భిణి యైన స్త్రీ "స్కానింగు" అను మాట వినకుండ నెలలు నిండుట అరుదు. నరసాపురమునకో భీమవరమునకో పోయి ఆ పరీక్ష చేయించుకొని వచ్చిన పిమ్మట ఇంటి పెద్దలు అడుగు ప్రశ్నలు రెండు. బిడ్డ క్షేమముగా నున్నదా యనునది మొదటిది. ఆ యంత్రము వలన బిడ్డకు చేటు లేదు గదా యనునది రెండవది. మొదటి ప్రశ్నకు వైద్యుడు బదులు చెప్పును. రెండవ ప్రశ్నకు బదులు చరిత్రలో వెదకవలసి యున్నది. దానిని అమాయకుల ప్రశ్న యని త్రోసివేయరాదు. ఈ ధ్వనిని తొలుత సృజించిన శాస్త్రజ్ఞులే దాని కీడును ముందుగా చూచిరి. మేలు తరువాత తెలిసినది.

మానవుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వరకు కంపనములు గల ధ్వనిని మాత్రమే గ్రహింపగలదు. అంతకు మించిన దానిని అతిధ్వని యందుము. గబ్బిలమునకు అది నిత్యవ్యవహారము. కన్నులు లేకున్నను గబ్బిలము అడ్డంకులకు తగులకుండ ఎగురుటను 18వ శతాబ్దపు చివర ఇటలీ దేశీయుడగు స్పల్లాంజనీ గమనించెను. అది తన నోటినుండి వెలువరించు అతిధ్వనుల మారుమ్రోతను విని దారి తెలిసికొనునని 1938లో అమెరికాలో గ్రిఫిన్, పియర్సు అను వారు నిరూపించువరకు ఆ మర్మము వీడలేదు.

మనుష్యుడు అట్టి ధ్వనిని ఇష్టానుసారము పుట్టించుటకు ఆధారము 1880లో లభించెను. ఫ్రాన్సు దేశమున పియరీ క్యూరీ, ఆయన యన్న జాక్ క్యూరీ స్ఫటికమును నొక్కినచో దానియందు విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము అదరునని పిదప తేలినది. అనగా ఒకే స్ఫటికము నోరుగాను చెవిగాను పని చేయగలదు. నేటి స్కానింగు యంత్రమున వైద్యుని చేతిలోని పరికరము ఈ సూత్రము పైననే నడచుచున్నది. స్ఫటికమునకు బదులు అందు కృత్రిమమైన పింగాణి వంటి పదార్థమును వాడుదురు.

మొదటి ప్రపంచ యుద్ధమున జలాంతర్గాముల జాడ తెలిసికొనుటకు పాల్ లాంజెవా అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ సూత్రమును వినియోగించెను. గోదావరి పాయలో పడవవాడు గెడ దింపి లోతు చూచినట్లు, ఆయన నీటిలోనికి అతిధ్వనిని పంపి అది తగిలి తిరిగివచ్చు కాలమును కొలిచెను. ఆ ప్రయోగములలో ఒక వింత కనబడెను. ధ్వని ప్రసరించు దారిలో చిక్కిన చేపలు చచ్చి తేలినవి. నీటిలో చేయి పెట్టిన వారికి ఎముకలలో నొప్పి కలిగినది. 1927లో అమెరికాలో ఉడ్, లూమిస్ అను వారు తీవ్రమైన అతిధ్వనితో కప్పలు, చిన్న చేపలు మరణించుటను, రక్తకణములు పగులుటను పరీక్షించి ప్రకటించిరి. కావున తీవ్రత హద్దు మీరినచో అతిధ్వని జీవమునకు హానికరమను సంగతి, అది వైద్యమునకు పనికివచ్చునని తెలియకమునుపే తెలిసి యున్నది.

ఈ శాస్త్రమున మనవారి పాలు స్వల్పము కాదు. ద్రవములో అతిధ్వని ప్రసరించుచుండగా దానిగుండ పోవు కాంతి ఏల చీలిపోవునో 1935, 36 సంవత్సరములలో బెంగుళూరున సి.వి. రామన్, నాగేంద్రనాథ్ అనువారు సిద్ధాంతీకరించిరి. రామన్ శిష్యులలో ఒకరు, కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆయన అతిధ్వని పరిశోధనకు గట్టి పునాది వేసెను. స్ఫటికముగుండ అతిధ్వనిని పంపి అందలి స్థితిస్థాపకతను కొలుచు పద్ధతిని ఆయనయు భీమసేనాచారియు రూపొందించిరి. ద్రవములలో ధ్వనివేగమునకు, ఆ ద్రవపు రసాయన నిర్మాణమునకు గల సంబంధమును ఎం. రామారావు గుర్తించెను, ఆ సంబంధము ఆయన పేరనే నేటికిని గ్రంథములలో నిలిచియున్నది. వీరెవ్వరును రోగులను దృష్టిలో నుంచుకొని పని చేసినవారు కారు. ఐనను ఒక పదార్థమును చెరుపకుండ, అందు ధ్వని నడచు తీరును బట్టి దాని లోపలి గుట్టు తెలిసికొనవచ్చునను వారి భావమే స్కానింగునకు ప్రాణము.

వైద్యరంగమున తొలి అడుగులు తడబడినవి. 1942లో ఆస్ట్రియా వైద్యుడగు డస్సిక్ తలగుండ అతిధ్వనిని పంపి మెదడు చిత్రములు తీసితి ననుకొనెను. అవి చాలవరకు పుఱ్ఱె ఎముక చేసిన మాయ యని తరువాత తేలినది. 1953లో స్వీడనులోని లుండ్ పట్టణమున ఎడ్లర్ అను వైద్యుడు, హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఓడల కర్మాగారమున లోహపు పగుళ్లు వెదకు యంత్రము నొకదానిని ఎరువు తెచ్చి, గుండె కదలికలను తొలిసారి నమోదు చేసిరి. గ్లాస్గో నగరమున స్త్రీవైద్యుడగు అయాన్ డొనాల్డు సైతము అట్టి యంత్రముతోనే మొదలుపెట్టెను. నయము కాని కడుపు పుండు, అనగా క్యాన్సరు, అని ఆశ వదలుకొన్న ఒక స్త్రీని ఆయన పరీక్షించెను. తెరపై కనబడినది నీటితో నిండిన పెద్ద తిత్తి. శస్త్రచికిత్సతో దానిని తీసివేయగా ఆమె బ్రతికి బయటపడెను. డొనాల్డు, మాక్‌వికార్, బ్రౌన్ అను మువ్వురు తమ ఫలితములను 1958 జూన్ 7వ తేదీ "లాన్సెట్" పత్రికలో ప్రకటించిరి.

ఆ కాలముననే ఆలిస్ స్టూవర్టు అను ఆంగ్ల వైద్యురాలు, గర్భిణులకు ఎక్స్‌రే తీసినచో పుట్టు బిడ్డలలో క్యాన్సరు అధికమగుచున్నదని తెలిపెను. అందుచేత గర్భమును చూచుటకు వేరొక సాధనము లోకమునకు అవసరమయ్యెను. అతిధ్వని ఎక్స్‌రే వంటి కిరణము కాదు. అది కణములలోని అణువులను చీల్చి విద్యుదావేశము పుట్టింపదు. అది పదార్థపు కదలిక మాత్రమే.

స్కానింగున వాడు ధ్వని సెకనుకు 20 లక్షలకు పైగా కంపించును. మన దేహపు మెత్తని భాగములలో అది సెకనుకు సుమారు 1,540 మీటర్లు ప్రయాణించును. ఒక అవయవపు అంచు తగిలినప్పుడెల్ల కొంత ధ్వని వెనుకకు మరలును. ఆ మారుమ్రోతలు వచ్చిన కాలమును బట్టి యంత్రము బొమ్మ గీయును. గాలి అడ్డువచ్చినచో ధ్వని దాదాపు అంతయు తిరిగిపోవును. చర్మముపై చల్లని జిగురు పూయుట అందుకే.

ఇక క్షేమము మాట. అతిధ్వని దేహమున రెండు విధముల పనిచేయును. ఒకటి వేడి. రెండవది, తీవ్రత అధికమైనచో ద్రవములో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుట. గర్భస్థ శిశువు ఉష్ణోగ్రత సహజమునకు మించి 4 డిగ్రీలు పెరిగి 5 నిమిషములు నిలిచినచో అపాయమునకు అవకాశము కలదని, ఒకటిన్నర డిగ్రీకి మించనిచో శంకింప నక్కరలేదని అంతర్జాతీయ వైద్యసంఘములు హద్దులు నిర్ణయించినవి. వేడికి ఒకటి, బుడగలకు ఒకటి చొప్పున రెండు సూచికలను నేటి యంత్రములు తెరపైననే చూపును. నార్వేలో 1990 దశకమున, గర్భములో స్కానింగు జరిగిన పిల్లలను బడి వయసున పరీక్షింపగా చదువునందు గాని దృష్టియందు గాని వినికిడియందు గాని లోపము కనబడలేదు. ఎడమచేతివాటము మాత్రము కొంచె మెక్కువగా నున్నట్లు తోచెను.

ఇచట ఒక మాట దాచరాదు. అట్టి పరిశోధనలలో పెక్కు పాత యంత్రములతో జరిగినవి. 1992 ప్రాంతమున అమెరికాలో గర్భపరీక్షకు అనుమతింపబడిన తీవ్రత చదరపు సెంటీమీటరుకు 94 మిల్లీవాట్ల నుండి 720 వరకు పెరిగినది. సూచికలను తెరపై చూపవలెనను నిబంధన దానితోపాటు వచ్చినది. కనుక అవసరమైనంత మేర, సాధ్యమైనంత తక్కువ తీవ్రతతో, తక్కువ కాలము చూడవలెనని వైద్యులు నియమము పెట్టుకొనిరి. రక్తప్రవాహమును కొలుచు డాప్లర్ పద్ధతిని తొలి మూడు నెలలలో కారణము లేక వాడరాదందురు. వేడుకకై బిడ్డ బొమ్మలు తీయించుకొనుట తగదందురు.

చేపలను చంపిన ఆ తీవ్రతయే అదుపులో నుంచబడి నేడు చికిత్స యగుచున్నది. 1967లో అమెరికా వైద్యుడగు కెల్మన్ అతిధ్వనితో అదరు సన్నని సూదితో కంటిశుక్లమును ముక్కలు చేసి పీల్చివేయు పద్ధతిని కనుగొనెను. మన ప్రాంతమున వేలకొలది వృద్ధులు ఆ పద్ధతివలన చూపు తిరిగి పొందిరి. ధ్వనిని ఒకేచోట కేంద్రీకరించి, పుఱ్ఱె తెరువకుండగనే మెదడులోని ఒక బిందువును వేడిచేసి చేతి వణకును తగ్గించు చికిత్సకు 2016లో అమెరికా అనుమతి నిచ్చెను.

ఇంత చెప్పిన పిమ్మట, మన దేశమున ఈ యంత్రము చేసిన పెద్ద కీడు ధ్వని వలన వచ్చినది కాదని ఒప్పుకొనక తప్పదు. బిడ్డ ఆడదియా మగవాడా యని తెలిసికొని ఆడపిల్లను కడుపులోనే తొలగించు దురాచారము ఈ తెర నాశ్రయించినది. ఆరేండ్ల లోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991 జనాభా లెక్కలలో 945 మంది యుండగా, 2001 నాటికి 927 మందికి తగ్గిరి. దీనిని అరికట్టుటకు 1994లో చట్టము చేయబడి 1996 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. 2003లో మరింత కఠినమయ్యెను. లింగము చెప్పుటయు, చెప్పుమని అడుగుటయు రెండును నేరములే. ప్రతి స్కానింగు కేంద్రము గోడపై నుండు ఆ పలకను మన పల్లెవాసులు చదివియే యుందురు.

కావున మొగల్తూరు పెద్దలకు మా సమాధానమిది. వైద్యుడు కారణము చెప్పి వ్రాసిన పరీక్షను నిర్భయముగా చేయించుడు. 24 వారముల లోపున ఒకసారి చూపించుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సలహా నిచ్చినది. కారణము లేని పరీక్షను కోరకుడు. బిడ్డ క్షేమమా యని తప్పక అడుగుడు. ఏ బిడ్డ యని మాత్రము అడుగకుడు.