నేలమట్టపు ఓజోను – ఆరోగ్యంపై దాని ప్రభావం

ఓజోను మూడు ఆక్సిజన్ పరమాణువులు గల వాయువు. ఆకాశపు పైపొరలలో అది అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని ప్రాణులను కాపాడుతుంది. నేలమట్టాన ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

వాహనాలు, కర్మాగారాలు విడిచే నైట్రోజన్ ఆక్సైడులు, పెట్రోలు వంటి ఇంధనాల ఆవిరులు ఎండలో రసాయనచర్య జరపగా ఇది పుడుతుంది. నగరాలలో పుట్టినదైనా గాలివాటున దూరపు పల్లెలకూ చేరుతుంది.

దీనివలన దగ్గు, గొంతుమంట, ఆయాసం కలుగుతాయి, ఉబ్బసం తీవ్రమవుతుంది. పిల్లలకు, వృద్ధులకు, ఆరుబయట శ్రమించేవారికి ముప్పు అధికం.

భారతదేశం 2009లో ప్రకటించిన ప్రమాణం మేరకు, 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఓజోను 100 మైక్రోగ్రాములకు మించరాదు.

ముఖానికి కట్టుకున్న గుడ్డ ఈ వాయువును ఆపలేదు. ఎండ ముదిరిన మధ్యాహ్నవేళ ఇది హెచ్చుతుంది కనుక, వేసవిలో పొలంపనులు ఉదయమే ముగించుకొనుట మేలు.